ఎటునుంచి చూస్తే ఎడమ?

వికారాబాద్ దగ్గర మా బావమరిదికి ఓ మామిడితోట ఉంది. కాయలమ్మితే వచ్చేదానికన్నా చెట్లకింద కూర్చోడానికి వచ్చేవాళ్లిచ్చేదే ఎక్కువని లెక్క తేలాక, తోటలో నాలుగు గదులు కట్టాడు. అంతటితో ఊరుకోక రెండు ఏటీవీలు కూడా కొన్నాడు, సెకండ్ హ్యాండ్‌లో. ఉబ్బిన టైర్లతో బురదలోకీ గుట్టమీదికీ గుర్రుమంటూ పోయే నాలుగు చక్రాల బళ్లు. హైదరాబాద్ నుంచి వచ్చే కుర్రకారుకి మామిడిచెట్టు కన్నా అవే ముద్దు.

ఒక ఆదివారం సాయంత్రం ఫోను.

"బావా, గుట్ట దిగుతుంటె ముందు బ్రేకు దొరకలే. లీవరు వత్తితే మొత్తం హ్యాండిలుకు తగిలింది. పది నిమిషాలు ఆపి చూస్తె మల్ల మంచిగనే పడ్తుంది. దయ్యమేమన్న పట్టిందా దీనికి?"

"దయ్యం కాదు, నీళ్లు పట్టాయి. బండి పక్కన పెట్టు, ఎవరికీ ఇవ్వకు. శనివారం వస్తా" అన్నాను.

నేను మెకానిక్‌ని కాను. నా మోటార్‌సైకిలు పని నేనే చేసుకుంటానని ఇంట్లో అందరికీ తెలుసు, అంతే. ఇంట్లో తెలిసిన విద్యకి ఆదివారాలు ఉండవు, శనివారాలూ ఉండవు.

మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. ఉప్పు చెమ్మ పీల్చినట్టు ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మూత ఎంత గట్టిగా బిగించినా రబ్బరు గొట్టాల గుండా ఆ చెమ్మ మెల్లిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. సీసా మీద రాసే డాట్ 3, డాట్ 4 అనే అంకెల సంగతంతా ఇదే. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో నీళ్లు 3.7 శాతం చేరాక అయితే 155 దాకా ఆగితే చాలు. డాట్ 3 అయితే 205, 140. గుట్టమీంచి కిందిదాకా లీవరు నొక్కే ఉంచితే డిస్కు ఎంత కాగుతుందో, దిగాక దానిమీద నాలుగు చుక్కల నీళ్లు చల్లిచూస్తే తెలుస్తుంది. ఆ వేడికి లోపలి చెమ్మ ఆవిరై బుడగ కడుతుంది. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. చేతి బలమంతా ఆ బుడగే మింగేస్తుంది. చల్లారాక బుడగ మళ్లీ నీరవుతుంది, బ్రేకు తిరిగొస్తుంది. మా బావమరిది చూసిన దయ్యం అదీ.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. తొలినాళ్లలో ఈ ద్రవాన్ని ఆముదంలో ఆల్కహాల్ కలిపి తయారుచేసేవారు. ఆనాటి సహజ రబ్బరు వాషర్లకి పెట్రోలు సంబంధమైన నూనె తగిలితే ఉబ్బి పాడయ్యేవి, ఆముదం వాటిని ఏమీ చేసేది కాదు. ఇప్పటికీ ఎవరైనా తెలియక బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజను ఆయిల్ పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం చెడుతుంది. పాలమూరు, నల్లగొండ చేలల్లో ఆముదపు చెట్లు చూసినప్పుడల్లా, ఒకప్పుడు కార్లని ఆపింది ఈ గింజేనా అని నాకు ముచ్చటేస్తుంది.

శుక్రవారం హైదరాబాద్ పుత్లీబౌలి వెళ్లి డాట్ 4 చిన్న సీసాలు రెండు కొన్నాను. పెద్దది ఒకటి కొంటే చవకే. కానీ సీలు తీసిన మరుక్షణం నుంచీ సీసాలోది చెమ్మ పీల్చడం మొదలుపెడుతుంది. షెడ్డులో ఏడాదిగా మూత తీసి పెట్టినదాన్ని పోస్తే, పాత రోగం తీసి కొత్త రోగం పెట్టినట్టే. మట్టం తగ్గిందని పైపైన పోసి పంపే మెకానిక్కుల మీద కూడా నాకు మంట. డిస్కుని పట్టే ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ జాగాలోకి ద్రవం దిగుతుంది, అందుకని డబ్బాలో మట్టం తగ్గుతుంది. అంటే చూడాల్సింది ప్యాడ్లని. నింపేసి పంపితే, రేపు కొత్త ప్యాడ్లు వేసిన రోజు ఆ ద్రవమంతా పొంగి ట్యాంకు మీద పడుతుంది. పడినచోట రంగు ఊడిపోతుంది.

శనివారం వెళ్లేసరికి బండి తళతళలాడుతోంది. బావమరిది కొడుకు, ఇంజనీరింగ్ రెండో ఏడు, నేను వస్తున్నానని తెలిసి ముందే ముందు చక్రాల దగ్గర ప్యాడ్లని నొక్కే క్యాలిపర్లు రెండూ ఊడదీసి, కడిగి, ఎర్రరంగు కొట్టి, మళ్లీ బిగించాడు. రేసు బళ్లకి అలాగే ఉంటుందట. గొట్టాలు విప్పాడు కాబట్టి లోపలున్నది చాలావరకు కారిపోయి గాలి చేరింది. లీవరు చచ్చిన పాములా వేలాడుతోంది.

"ఏం గాదు మామా, ఎట్లాగూ కొత్తది పోస్తం గద" అన్నాడు. వాడన్నదీ నిజమే.

గాలి తీసే పని నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా పొలంలో డీజిలు ఇంజను ఉండేది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే గాలి పట్టేది. నాన్న గొట్టం మీది నట్టు వదులు చేసి వేలు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు, నేను చిన్న పంపు కొట్టేవాణ్ణి. ముందు నురగ, తర్వాత చుక్కలు, తర్వాత సన్నటి ధార. ధార తెగకుండా వచ్చినప్పుడు నాన్న మాట్లాడకుండా నట్టు బిగించేవాడు. బ్రేకుదీ అదే విద్య. కాకపోతే ఇక్కడ మాట్లాడుకోవాలి.

బావమరిది సీటు మీద, నేను చక్రం దగ్గర నేలమీద. ఏటీవీలో కుడి లీవరు ఒక్కటే ముందు చక్రాలు రెండింటినీ పట్టాలి, కాబట్టి గొట్టం మధ్యలో చీలి అటొకటి ఇటొకటి పోతుంది. దూరంగా ఉన్నదాంతో మొదలుపెట్టాలి. క్యాలిపర్ మీద గాలి వదిలే నిప్పిల్‌కి సన్నని తెల్ల గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో ముంచాను. ఎనిమిది నంబరు పానా పట్టుకున్నాను.

"వత్తు."

"వత్తిన."

"పట్టుకో, ఇడువకు."

నిప్పిల్ పావు తిప్పు వదులుతాను. సర్రున బుడగలతో పాటు ద్రవం వస్తుంది. లీవరు వాడి చేతికిందనుంచి జారిపోతుంది. అప్పుడు భయపడి వదిలేశాడా, బయటి గాలి అంతా వెనక్కి లోపలికి. నేను బిగించి "ఇప్పుడు ఇడువు" అనేదాకా పట్టే ఉండాలి. మళ్లీ వత్తు, మళ్లీ పట్టు. నాలుగైదు సార్లకోసారి పైడబ్బా చూసుకోవాలి. అది ఎండిపోయిందంటే మొదటికే వస్తుంది కథ. మేనల్లుణ్ణి ఆ డబ్బాకి కాపలా పెట్టాను.

మొదట్లో గొట్టాల్లో మిగిలిన పాతది వచ్చింది, డికాషన్ రంగులో. ఆ తర్వాత కొత్తది, పలచని తేనె రంగులో. రంగు మారిందిగానీ లీవరు గట్టిపడలేదు. మెత్తగా, తడి స్పాంజి పిండినట్టు. మొదటి సీసా అయిపోయింది. రెండో సీసా సగమైంది. బుడగలు రావడం ఎప్పుడో ఆగిపోయింది, లీవరు మాత్రం అదే మెత్తదనం. బావమరిది చెయ్యి నొప్పెట్టి భార్యని పిలిచాడు. ఆమె వచ్చి రెండుసార్లు వత్తి, "అన్నయ్యా, పొయ్యి మీద పప్పున్నది" అని వెళ్లిపోయింది.

ప్యాడు డిస్కుని పట్టడానికి జరిగేది మిల్లీమీటరులో ఏ కొంచెమో. అందుకే కందిగింజంత బుడగ మిగిలినా లీవరుకి తెలిసిపోతుంది. కానీ మాది కందిగింజ కాదు. ఎక్కడో పెద్దదే ఉంది, బయటికి రానంటోంది.

నడుం పట్టేసి అక్కడే వెల్లకిలా పడుకున్నాను. పడుకున్నవాడి కళ్లెదురుగా నిప్పిల్. అప్పుడు వెలిగింది. రెండు గంటలనుంచీ పానా ఎంత సుఖంగా అందుతోందో అని మురిసిపోతున్నాను. ఆ నిప్పిల్ నాకు సుఖంగా అందకూడదు. క్యాలిపర్‌కి పైకొసన, చక్రం గిన్నెలో ఎక్కడో ఇరుక్కుని, చెయ్యి గీరుకుంటేగానీ దొరకనిచోట ఉండాలి. ఎందుకంటే గాలి పైకే పోతుంది. నిప్పిల్ కింద ఉంటే ద్రవమంతా కిందనుంచి పోతుంది, గాలి క్యాలిపర్ నెత్తిన హాయిగా కూర్చుంటుంది. సీసా కాదు, పీపా పోసినా కదలదు.

"ఒరే, ఇవి ఎడమదీ కుడిదీ మార్చి పెట్టావా?"

వాడు రెండు క్యాలిపర్లనీ మార్చి మార్చి చూశాడు. బోల్టులు రెండువైపులా సరిపోయాయి, గొట్టమూ సరిపోయింది. మరి అనుమానం ఎందుకొస్తుంది? పైగా బిగించింది నేనే అయితే నాకూ వచ్చేది కాదేమో. నేనూ రెండు గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నవాణ్ణే కదా.

మళ్లీ విప్పాం. గొట్టం బోల్టు దగ్గరి రాగి వాషర్లు ఒకసారి నలిగితే మళ్లీ వాడకూడదు. అదృష్టం, సంచిలో కొత్తవి నాలుగున్నాయి. ఈ విప్పడంలో కారిందంతా ఎర్రరంగు మీద పడింది. రంగు ముడతలు కట్టి, పాముకుబుసంలా ఊడొచ్చింది. నీళ్లు పోసి కడిగేలోగా సగం అయిపోయింది. వాడి మొహం చూడలేకపోయాను. దానికి తట్టుకునే రంగు వేరే ఉంటుందిరా అని చెప్పాను, అది ఓదార్పు కాలేదు.

ఎటుదటు పెట్టాక పావుగంట పట్టలేదు. ఎడమవైపు నాలుగోసారి నిప్పిల్ వదిలేసరికి గొట్టం పొడవునా ఒక్కటే పెద్ద బుడగ, మూరెడుంది, బుడుక్కున సీసాలో పడింది. బావమరిది సీటు మీదినుంచే కేకేశాడు. "వచ్చింది బావా, రాయిలెక్క అయింది!" కుడివైపుదీ అంతే. ముందు తోటలో చదునుమీద నెమ్మదిగా నడిపి, తర్వాత చిన్న వాలు, ఆ తర్వాతే గుట్ట. మూడుసార్లు దిగివచ్చాడు. లీవరు ఉన్నచోటే ఉంది.

భోజనాలయ్యాక మేనల్లుడు సుత్తీ శీలా పట్టుకొచ్చాడు. మళ్లీ తారుమారు కాకుండా ఒకదాని లోహం మీద 'ఎ', రెండోదాని మీద 'కు' అని చుక్కలు కొడతానన్నాడు. మంచి ఆలోచనే. బండికి ఎదురుగా గొంతుక్కూర్చుని, తన ఎడమచేతివైపున్న క్యాలిపర్ మీద శీల ఆనించాడు.

"ఆగాగు" అన్నాడు వాళ్ల నాన్న సీటు మీదినుంచి. "అది కుడి."