సిస్టర్ వార్డ్ చూపిన త్రికోణం

నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డులలో పనిచేసే నర్సులకు విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పవలెనని తరచు వినుచున్నాము. నేర్పేవారు ఏవో మెట్ల పట్టిక ఒకటి వల్లెవేయించి ఊరకొనుటయు కద్దు. అటువంటి పట్టికకంటె ఎక్కువ నేర్పగల చిన్న రచన ఒకటి 1975లో 'ఆర్కైవ్స్ ఆఫ్ డిసీజ్ ఇన్ చైల్డ్‌హుడ్' అను పత్రికలో వెలువడినది. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతమున రోచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో కాంతి చికిత్స ఎట్లు పుట్టినదో డాక్టర్లు డాబ్స్, క్రీమర్ గార్లు అందులో జ్ఞాపకం చేసుకొన్నారు.

అది 1956 వేసవి. నెలలు నిండని బిడ్డల వార్డును చూచే సిస్టర్ వార్డ్ ఎండ బాగున్న రోజులలో బిడ్డలను ఆరుబయటకు తీసికొనిపోయేవారు. ఒకనాడు డాక్టర్ డాబ్స్ గారికి ఆమె ఒక బిడ్డను విప్పి చూపినారు. ఒళ్ళంతా లేత పసుపు. ఒక్కచోట మాత్రం అంచులు గీసినట్లు ముదురు పసుపు త్రికోణం. ఏ మందు పూసినారని ఆయన అడిగినారు. ఎండవల్ల కావచ్చునన్నారామె. ఎండకు చర్మం నల్లబడుటకు రోజులు పట్టును గదా అని ఆయన సందేహం. అప్పుడామె సంకోచిస్తూనే చెప్పినారు: బిడ్డకు కామెర్లున్నవి, దుప్పటి కొస కప్పినచోటు పచ్చగానే నిలిచినది, తక్కిన ఒళ్ళే వెలిసిపోయినది.

దీనిని 'యాదృచ్ఛికంగా కనుగొన్నారు' అని వ్రాసేవారితో నాకు పేచీ వున్నది. ఎండ యాదృచ్ఛికం, దుప్పటి కొస యాదృచ్ఛికం. ఆమె తర్కం కాదు. మచ్చ ఎట్లు వచ్చినదని వైద్యుని ప్రశ్న. మారినది మచ్చ కాదు, చుట్టునున్న చర్మమని ఆమె గ్రహించినారు. ప్రయోగంలో 'కంట్రోలు' ఎందుకో మా విద్యార్థులకు నచ్చచెప్పుటకు ఏడాది చాలదు. ఇక్కడ ఒకే బిడ్డ, ఒకే చర్మం, ఒకే ఎండ; తేడా అంతా గుడ్డ అడ్డమే.

అయినను విషయం ఆనాడు అంతటితో ఆగిపోయినది. కొన్ని వారాల తరువాత, ఎండ తగిలిన నాళికలోని రక్తంలో బిలిరుబిన్ అనుకొన్నదానికంటె తక్కువగా తేలిన పిమ్మటనే పరిశోధన సాగినది. 1958లో క్రీమర్, పెరీమన్, రిచర్డ్స్ గార్లు దానిని లాన్సెట్‌లో ప్రకటించినారు. ఈ ఆలస్యాన్ని రచయితలు దాచలేదు; అది వారి పెద్దరికం. ఆమె సంకోచాన్ని మాత్రం ఒక మాటలో దాటిపోయినారు. శిక్షణకు పనికివచ్చే ఘట్టం అదే. ఆలోచించుట ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయినది. ఆనాడు కొరవడినది వినే చెవి.

మరొక సంగతి. బిలిరుబిన్ సుమారు 460 నానోమీటర్ల నీలికాంతిని పీల్చుకొని రూపు మార్చుకొనును. ఆ కొత్త రూపాలు కాలేయంలో సంయోగం చెందకనే బయటికి పోగలవు. అయితే దీపం కింద చర్మం వెలిసినంత మాత్రాన రక్తంలోని బిలిరుబిన్ తగ్గినదని చెప్పజాలము. అది మితిమీరితే బిడ్డ మెదడే చెడిపోవచ్చును. కనుక చికిత్సకు దారి చూపిన రంగునే నేటి నర్సు శంకించి, రక్తపరీక్ష కోరవలసి వున్నది. పచ్చబడిన పసికందును పొద్దుటి ఎండలో పడుకోబెట్టి, రంగు తగ్గినదని ఊరడిల్లే మన ఇళ్ళవారికీ ఈ మాట చెప్పవలెను.

నేనే పాఠం చెప్పవలసివస్తే, ఈ రచనను డాక్టరు ప్రశ్న వరకు చదివించి, కాగితం మూయించి, మీరేమందురని నర్సులను అడుగుదును. పక్క బల్లపై యువవైద్యులను కూర్చుండబెట్టుదును.