ఏ దీపం కింద?

"బాబాయ్, ల్యాబ్‌లో కళకళలాడిన ఫొటో ఇంటికొచ్చేసరికి నల్లగా ఉందేమిటి?" అని మా అన్నయ్య కొడుకు ఈ వారం ఫోన్ చేశాడు. ఫొటో చూడటానికి సరైన బల్బు కొనమని అందరికీ చెప్పడం నా పాత గోల, వాడికీ అదే మొదలుపెట్టాను. డబ్బా మీద "కూల్ డేలైట్" అని వేసి అమ్మేది 6500 కెల్విన్, నీలం కాంతి. ప్రింట్లు చూడటానికి ఐఎస్‌ఓ 3664 ప్రమాణం అడిగేది 5000. సీఆర్‌ఐ, అంటే దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, కూడా 90కి తగ్గకూడదు, తగ్గితే ఎరుపులు చచ్చిపోతాయి. చీరని కొట్లోంచి గుమ్మం బయటికి తెచ్చి చూసే ఆడవాళ్లకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ వాడి బాధ రంగు కాదు, నలుపు. దాంతో నేను పని నేర్చుకున్న డార్క్‌రూమ్ గుర్తొచ్చింది. అక్కడ హైపో ట్రే పైన ఒక నీరసపు బల్బు ఉండేది. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ పెద్ద బల్బు పెట్టమని పోరేవాడు. గురువుగారు వినేవారు కాదు. వెలుతురు ఎక్కువైతే నీడల్లో ఉన్నదంతా కనిపించి, బాగుందనుకుని ప్రింటు ముదురుగా వదిలేస్తాం. ఇంటి గోడ మీద అది బొగ్గే. పైగా తడి ప్రింటుని అసలు నమ్మకూడదు, ఫైబర్ కాగితం ఆరాక ఒక పిసరు ముదురుతుంది. అందుకే ఆయన టెస్ట్ స్ట్రిప్పు ఆరబెట్టి, వరండాలో ఓసారి, గది మూలన ఓసారి పట్టుకు చూసి, అప్పుడు ప్రింటు లేతగా వచ్చేలా ఎన్‌లార్జర్ సెకన్లు తగ్గించేవారు. ఎవరైనా పెద్ద సైజు అడిగితే ఆయన మొదటి ప్రశ్న: "ఏ గోడకి?"

ఇన్నాళ్లూ నేను ఊదరగొట్టిన ఐఎస్‌ఓ ప్రమాణమూ రెండు వెలుతురులు చెబుతుంది. ప్రింటుని ప్రూఫుతో పోల్చడానికి 2000 లక్స్, మామూలుగా చూస్తే ఎలా ఉంటుందో తేల్చుకోవడానికి 500. రాత్రిపూట మన హాళ్లలో అందులో సగం ఉంటే గొప్ప. మ్యూజియాలైతే పాత ఫొటోలు వెలిసిపోతాయన్న భయంతో వాటికి 50 లక్సే ఇస్తాయి.

పెళ్లి ఆల్బంలో పెళ్లికూతురి ఒంటిరంగు పేజీ పేజీకీ మారకూడదంటే, రీప్రింటు మొదటిదానితో కలవాలంటే, 5000 కెల్విన్ దీపమే దిక్కు. ఆ మాట వెనక్కి తీసుకోను. గోడకెక్కే ఫొటోకి మాత్రం ఆ దీపం కొనమని ఇక ఎవరికీ చెప్పను. కాస్త లేతగా ఇంకో చిన్న ప్రింటు వేయించుకుని, రాత్రి ఎనిమిదింటికి, టీవీ నడుస్తుండగా, రెంటినీ ఆ గోడకే ఆనించి చూసుకుంటే చాలు.