విందు తర్వాత వచ్చే అతిథులు

ఆస్కార్ వైల్డ్ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'లో పిల్ల తల్లి లేడీ బ్రాక్‌నెల్ పెళ్ళికొడుకు జాక్‌ను ప్రశ్నించే ఘట్టం నాకు మరీ ఇష్టం. బ్యాంకులో అప్పు దరఖాస్తులు చూసిన చూపు కదా! ఆదాయమెంత, అది భూముల మీదా పెట్టుబడుల మీదా, లండన్‌లో ఇల్లెక్కడ అంటూ నోటుబుక్కు తీసి మరీ అడుగుతుందావిడ.

తర్వాత ప్రశ్న రాజకీయం. తాను లిబరల్ యూనియనిస్టునంటాడు జాక్. అయితే టోరీల పద్దులోనే జమకడతానంటుంది. విందుకు పిలిచే బాపతేనట. వెంటనే సర్దుకుని, విందు ముగిశాక వచ్చేవాళ్ళలే అన్నట్టు ఒక మెట్టు దించుతుంది.

'లిబరల్ పార్టీ చీలికవర్గం' అని అడుగున చిన్న వివరణ ఇస్తే ఈ హాస్యం సగం చచ్చిపోతుంది. ఎందుకు చీలారన్నది చెప్పాలి. 1886లో గ్లాడ్‌స్టన్ ఐర్లండుకు హోమ్ రూల్ బిల్లు తెచ్చాడు. (1916లో అనీబిసెంట్ మన దేశంలో వాడిన మాట అక్కడిదే.) జూన్ 8న 313కి 343 ఓట్లతో బిల్లు ఓడింది. ఓడించినవాళ్ళలో 93 మంది సొంత పార్టీవాళ్ళే! ప్రభువంశీయుడు హార్టింగ్టన్, స్క్రూల వ్యాపారంలో గడించిన చాంబర్లేన్ - వేరే ఏ విషయంలోనూ పొసగని ఈ ఇద్దరినీ కలిపింది ఐర్లండు మీది వ్యతిరేకతే.

వైల్డ్ డబ్లిన్‌లో పుట్టినవాడు, హోమ్ రూల్ పక్షపాతి. తల్లి 'స్పెరాంజా' పేరుతో జాతీయవాద కవిత్వం రాసింది. అయినా ఈ సంభాషణలో ఐర్లండు పేరే ఎత్తడు. తన దేశానికి అడ్డుపడిన పార్టీ విలువను ఒక దొరసాని విందు వేళలతో కొలిపించి ఊరుకున్నాడు. ఉపన్యాసం దంచి ఉంటే ఇంత కసి కనిపించేది కాదని నా అభిప్రాయం. ఈ నాటకాన్ని ఉత్త మాటల గారడీ అనేవాళ్ళతో నేను ఏకీభవించలేనిది ఇక్కడే.

నాటకం 1895 ఫిబ్రవరి 14న మొదలైంది. ఆ జూన్‌లోనే హార్టింగ్టన్ (అప్పటికి డెవన్‌షైర్ డ్యూక్), చాంబర్లేన్ టోరీ నాయకుడు సాలిస్‌బరీ మంత్రివర్గంలో చేరారు. వైల్డ్ అప్పటికి జైల్లో ఉన్నాడు. 1912లో ఆ పార్టీ టోరీలలో పూర్తిగా కలిసిపోయింది.

మనవాళ్ళెవరైనా ఈ నాటకం ఆడదలిస్తే, అర్థం కాదని ఈ మాట కత్తిరించవద్దు. లేడీ బ్రాక్‌నెల్ వేషధారి ఆ మెట్టు దించే ముందు ఒక్క క్షణం ఆగితే చాలు.