మానినవాడి కథకు ఊఁ కొట్టేదెవరు?

తెలుగు సాహిత్యంలో తాగుబోతుకు చోటు తక్కువేమీ కాదు. గురజాడ 'కన్యాశుల్కం'లో సారా దుకాణం ఉంది. కాళ్ళకూరి నారాయణరావు మద్యపానాన్నే వస్తువుగా తీసుకుని 'మధుసేవ' నాటకం రాశాడు. శరత్ దేవదాసు 1917లో బెంగాలీ పుస్తకంగా వచ్చి, 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు తెరకెక్కి, ఓటమిని అందంగా ప్రదర్శించుకోవడం మన మధ్యతరగతి యువకుడికి నేర్పాడు. అభ్యుదయ కథకులు ఆ సీసా చుట్టూ ఉన్న కాంతివలయాన్ని చెరిపేశారు. తాగి పెళ్ళాన్ని కొట్టే కూలివాణ్ణి చూపారు, వాడి వెనక సారా కంట్రాక్టరును చూపారు, కంట్రాక్టరు వెనక ప్రభుత్వ ఖజానాను చూపారు. అది చిన్న పని కాదు.

కాని తాగుడు మానినవాడు మన సాహిత్యంలో ఎక్కడున్నాడు?

నేను చదివినంతలో మన తాగుబోతు కథలకు రెండే ముగింపులు. ఒకటి చావు, రెండోది పశ్చాత్తాపం. చావుకైనా నాలుగు పేజీలు దొరుకుతాయి గాని పశ్చాత్తాపం ఒక్క పేరాలో అయిపోతుంది. భార్య కన్నీరో, బిడ్డ జ్వరమో, పెద్దమనిషి చెంపదెబ్బో చాలు. సీసా గోడకు తగిలి ముక్కలవుతుంది, కథ సమాప్తం. మర్నాడు పొద్దున వాడి చేతులు వణకడం కథకుడికి పట్టదు. ఏళ్ళ తరబడి తాగినవాడు హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణమే పోవచ్చు. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా సీసా పగలగొట్టించిన మన కథకులు తెలియక ఎంతమంది పాత్రల్ని ప్రమాదంలోకి నెట్టారో!

భాషలోనే ఒక లోటు ఉంది. తాగేవాడికి 'తాగుబోతు' అనే గట్టి మాట ఉంది. మానినవాడికి ఏ మాటా లేదు. 'మాజీ తాగుబోతు' అంటే నవ్వుతాం. 'కోలుకుంటున్నాడు' అంటే జ్వరమా అని అడుగుతాం. రాజులకు కూడదని చెప్పిన సప్తవ్యసనాల్లో వేట, జూదాల పక్కన పానం ఉంది; అప్పటినుంచీ అది నడవడిలో దోషంగానే మన బుర్రల్లో స్థిరపడింది. అదే 'వ్యసనం' మాటకు సంస్కృతంలో ఆపద అనే అర్థం కూడా ఉన్న సంగతి ఎం.ఏ.లో చదువుకున్నాం, పరీక్ష రాశాక మరిచిపోయాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితుల్ని మానసిక అస్వస్థత నిర్వచనంలోనే చేర్చింది. ఈ ఒక్క విషయంలో చట్టం మన నిఘంటువుకంటే, మన విమర్శకంటే ముందుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. నేను చేసిన ఒక తప్పులోంచి వచ్చింది.

నేను శేరిలింగంపల్లి మండలంలో చాలాకాలం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పాను. అక్కడి పిల్లల్లో సగంమంది పాలమూరునుంచి వలస వచ్చిన కూలీల బిడ్డలు. అలాంటి ఒకడు 2008లో పదో తరగతి పాసై, తరవాత ఇంజనీరింగు చదివి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయ్యాడు. 1998 నవంబరులో ప్రారంభమైన సైబర్ టవర్స్ లేచేటప్పుడు అతని తండ్రి అక్కడ ఇటుకలు మోశాడు. తండ్రి కట్టిన చోట కొడుకు పనిచేస్తున్నాడని నేను తరగతుల్లో గొప్పగా చెప్పేవాణ్ణి. తండ్రీ కొడుకులిద్దరూ తాగుతారని అప్పటికి నాకు తెలియదు. తండ్రి తాగేది కల్లు కాంపౌండులో, కొడుకు తాగేది గచ్చిబౌలి పబ్బుల్లో, తరవాత తన గదిలో, ఒక్కడే.

ఆ ఇంటి సంగతి 2020 మార్చిలో బయటపడింది. లాక్‌డౌన్‌తో కాంపౌండ్లు, వైన్స్ ఒక్కసారిగా మూతపడ్డాయి. కల్లు పేరుతో అమ్మే దాంట్లో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుస్తాయని మనకు తెలియంది కాదు. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, పాలమూరు ఆసుపత్రుల్లో ఏం జరిగిందో, ఆ మార్చిలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అదే జరిగింది. వణుకుతున్నవాళ్ళు, పిచ్చిచూపులు చూస్తున్నవాళ్ళు వరసకట్టారు. ఆ వరసలో మా విద్యార్థి తండ్రి ఒకడు. ఆయన్ని తీసుకెళ్ళిన కొడుకు బ్యాగులో మాత్రం సీసా ఉంది, ఎక్కువ ధరపెట్టి కొన్నది. మే 6న దుకాణాలు తెరిచేదాకా కొడుక్కి సరుకు ఆగలేదు. ఒకే జబ్బు, ఒకే ఇల్లు. ఒకడిది నలుగురు చూసే వీధిరోగం, మరొకడిది ఇంటినుంచే పనిచేసే రహస్యం. వర్గభేదం గురించి నేను పాతికేళ్ళుగా రాస్తున్నాను. ఇంత చిన్న దృష్టాంతం నాకు ఎప్పుడూ తట్టలేదు. 2025 జూలైలో పక్కనే కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడు కూడా మనం వార్త చదివి పేజీ తిప్పేశాం.

ఆ తరవాత ఏడాదికి కొడుకు ఉద్యోగం పోయింది. పోవడానికి ముందు కొంతకాలం 'బెంచి' మీద ఉంచారట. మా బడిలో అల్లరి చేసినవాణ్ణి బెంచీ ఎక్కిస్తాం. అక్కడ ప్రాజెక్టు లేనివాణ్ణి కూర్చోబెడతారు. మనిషి విలువ ఏడాదికోసారి మేనేజరిచ్చే రేటింగు అంకె. రోడ్డు మీద పోలీసు యంత్రంలో ఊదితే వచ్చేది మరో అంకె. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. రెండు అంకెలూ తనకు వ్యతిరేకంగా వచ్చాక మిగిలినవాడు ఎవడో తనకే తెలియలేదన్నాడు.

2023లో అతను ఒక కథ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అప్పటికి మానేసి తొమ్మిది నెలలు. కథ పేరు 'ఆదివారం'. అందులో జరిగేది ఇంతే. మానేసిన ఒక యువకుడు రాయదుర్గం మెట్రో స్టేషన్లో దిగి తన గదికి నడుస్తాడు. దగ్గరి దారిలో మూడు వైన్స్ ఉన్నాయి, ఒకదానికి పర్మిట్ రూం. అందుకని చుట్టుదారి పడతాడు. ఆ దారి రెండు పేజీలు. ఆదివారం ఊళ్ళో దావత్‌కు వెళతాడు. "మా ముంగట తాగవా? అంత పెద్దోడివైనవా?" అని మేనమామ గ్లాసు చేతికిస్తాడు. పక్కన కూర్చున్న తండ్రి ఏమీ మాట్లాడడు. తన గ్లాసును మాత్రం నేలమీద బోర్లిస్తాడు. కథ అయిపోతుంది.

నేను ఎర్రసిరా కలం తీశాను. బడిపంతులు బుద్ధి! నడక రెండు పేజీలూ కొట్టేసి 'అనవసర వర్ణన' అని రాశాను. 'సంఘర్షణ లేదు', 'సామాజిక కారణాలు లేవు', 'వ్యక్తివాద ధోరణి' అని పక్కన రాశాను. ముగింపు కింద రాసింది ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది: 'అసంభావ్యం. ఇలాంటి పాత్ర తిరిగి తాగడమో, చనిపోవడమో వాస్తవికం.'

అతను కాగితాలు తీసుకుని చాలాసేపు చూశాడు. "సార్, నేనైతే బతికే ఉన్న గదా" అన్నాడు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఏడాదిపాటు మళ్ళీ రాలేదు.

మన వాస్తవికతా సూత్రానికి ఇంతకంటే పెద్ద జవాబు ఎవరూ ఇవ్వలేరనుకుంటాను. ఆ నడక వర్ణన కాదు, అదే ఇతివృత్తం. మానడమంటే ఒక నిర్ణయం కాదు. ప్రతి సాయంత్రం ఏ సందులోంచి ఇంటికి పోవాలన్న లెక్క. దాన్లో సంఘర్షణ కనపడకపోవడానికి కారణం, సంఘర్షణంటే ఇద్దరు అరుచుకోవడమనే నా నమ్మకం. తండ్రి గ్లాసు బోర్లించడాన్ని సానుభూతి అనుకున్నాను. ఎర్రగడ్డ వరసలో నిలబడ్డ మనిషి అతను! ఆ గదిలో ఆ వణుకు తెలిసిన రెండో మనిషి అతనొక్కడే. ఉపదేశం లేదు, కన్నీళ్ళు లేవు. నీ వైపు నేనున్నానని గ్లాసు చెప్పింది. కథలో లోపాలు లేవనను. మేనమామ మరీ బొమ్మలా ఉన్నాడు. తల్లి ఊసే లేదు. మానినవాడి వెనక అన్నేళ్ళు మేలుకున్న ఆడమనిషి కథ వేరే రాయాలి. ఐటీ కారిడార్లో తాగే అమ్మాయిల గురించైతే మనం నోరే ఎత్తం.

ఏడాది తరవాత నేనే అతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. క్షమాపణ చెబితే నవ్వి, "ఒకసారి మా మీటింగుకు రండి" అన్నాడు. అది ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ బహిరంగ సమావేశం, సభ్యులు కానివాళ్ళూ కూర్చోవచ్చు. ఒక చర్చి ఆవరణలో గది, ప్లాస్టిక్ కుర్చీలు, పదిహేనుమంది. అక్కడ విన్న జీవితాలు అక్కడే వదిలి రావాలి. అందుకని మనుషుల గురించి చెప్పను, కథనపద్ధతి గురించి మాత్రం చెబుతాను, సాహిత్య విద్యార్థులకు అది అవసరం.

మాట్లాడేవాడు ముందు పేరు చెప్పి, తాను తాగుబోతునంటాడు. మనం తిట్టుగా వాడే మాటను అతను తన చేతుల్లోకి తీసుకుంటాడు. ఆ తరవాత స్థిరపడిన వరస ఒకటుంది: అప్పుడెలా ఉండేవాణ్ణి, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉన్నాను. మన కథలు రెండోదాని దగ్గర ఆగిపోతాయి. వాళ్ళ మాటల్లో బరువంతా మూడోదానిమీద ఉంది. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా చెప్పరు, తీర్పివ్వరు. మా అమ్మమ్మ కథ చెబుతూ మేం ఊఁ కొట్టకపోతే ఆపేసేది. ఊఁ కొట్టేవాడుంటేనే కథ నడుస్తుంది. ఈ గదిలో జరిగేది అదే. తన బతుకు కథ తనకే అసహ్యమైపోయినవాడికి పదిహేనుమంది ఊఁ కొడుతున్నారు. ఆ ఊఁ నేను ఎర్రసిరాతో ఆపేశాను.

మరో సంగతి. కొత్తగా వచ్చినవాడికి అక్కడ పని ఇస్తారు. మా విద్యార్థి మొదటి మూడు నెలలు చాయ్ గ్లాసులు కడిగాడు. "ఆఫీసుల నాకు పని ఇచ్చుడు బంద్ చేసినంక, నాకు పని ఇచ్చింది వీళ్ళే సార్" అన్నాడు. ఆత్మగౌరవం గురించి మన పత్రికల్లో ఎన్నో వ్యాసాలొచ్చాయి, నేనూ రాశాను. గ్లాసులు కడగడం దగ్గర అది మొదలు కావచ్చునని ఎవరమూ రాయలేదు. రాత్రిపూట మనసు లాగితే అతను ఫోన్ చేసేది ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరుకు. ఆయన పెద్ద మాటలేం చెప్పడట. "ఈ స్టాపుల దిగకు కొడకా, ముందలి స్టాపుదాక కూసో" అంటాడట. ఇంగ్లీషులో కోడ్ రాసే ఇంజనీరును నిలబెట్టింది ఈ తెలుగు.

వాళ్ళ పన్నెండు మెట్లలో దైవప్రస్తావన ఉంది. అది నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడలేదు. ఎవరికి తోచిన రూపంలో వాళ్ళు అనుకోవచ్చట. నీకేం తోచిందని అడిగితే, "ఆ కుర్చీల్ల కూసున్నోళ్ళే సార్" అన్నాడు. ఈ బృందం 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను కలవడంతో మొదలైంది. మరుసటి ఏడు లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన మన అభ్యుదయ రచయితలు సమావేశమయ్యారు. రెంటికీ సంబంధం లేదు. కాని సమష్టి గురించి ఇన్నేళ్ళు మాట్లాడిన మనం, ఫీజు లేకుండా, నాయకుడు లేకుండా నడిచే ఇంకో సమష్టిని 'సంస్కరణవాదం' అని తోసిపుచ్చడం సరికాదు. అలాగని కుర్చీల గదే చాలనడం కూడా పొరపాటే. అమెరికా పగలుకోసం ఇక్కడ రాత్రుళ్ళు మేలుకునే ఉద్యోగాలూ, వైన్స్ టెండర్లతో నడిచే ఖజానా ఆ గది బయట అలాగే ఉన్నాయి.

మన ఉద్యమ సాహిత్యం కూడా ఇక్కడే తడబడింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలిరోజుల్లో అక్షరాస్యత కేంద్రాలనుంచి లేచిన స్త్రీలు సారా కొట్లు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోది ఎత్తేశారు. ఆ పోరాటం మీద మనకు పాటలున్నాయి, కథలున్నాయి. కొట్టు మూసిన మర్నాడు ఆ ఊరి మగవాళ్ళు ఎలా వేగారు, ఎవరు పట్టుకుని కూర్చున్నారు? నేను వెతికినంతలో ఎవరూ రాయలేదు. కొట్టు మూతపడడం విజయం, మనిషి నిలబడడం సొంతపని అనుకున్నాం.

చివరిగా మన ఇంటి సంగతి. మన సభలు సాయంత్రం జరుగుతాయి. సభ తరవాత 'కూర్చోవడం' ఉంటుంది. ఏ కవి ఎంత తాగి ఏం చమత్కరించాడో చెప్పుకుని మురిసిపోతాం. అతను మన సభలకు ఎందుకు రావడం మానేశాడని నేను ఏనాడూ అడగలేదు. అడిగినప్పుడు, "మీ సభ నా చుట్టుదారిల లేదు సార్" అన్నాడు.

'ఆదివారం'ను ఎర్రగీతలు లేకుండా మళ్ళీ టైపు చేయించాను. వచ్చే నెల మా శాఖ సమావేశంలో చదవమని అడిగాను. పొద్దున పదిగంటలకైతే వస్తాను, సాయంత్రమైతే రానన్నాడు. వాళ్ళ నాయిన్ని కూడా తీసుకొస్తాడట. ఈ మాట కార్యదర్శిగారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబు ఇంకా రాలేదు.