ప్రశ్నలు వేయని కాపలా: టైనీవాల్ పనితనం

టైనీవాల్ వేసుకున్నాక కంప్యూటర్ తెర మీద కొత్తగా కనిపించేది దాదాపు ఏమీ ఉండదు. కింద కుడిమూలన, గడియారం పక్కన, చిన్న గుర్తు ఒకటి చేరుతుంది. మాటిమాటికీ ఎగిరివచ్చే హెచ్చరిక పెట్టెలు లేవు. 'ఈరోజు ఇన్ని దాడులు ఆపాం' అనే గొప్పలు లేవు. డబ్బు కట్టి పై రకం కొనమనే ఒత్తిడి లేదు. హంగరీ ప్రోగ్రామర్ కారోయ్ పాదోష్ విండోస్ కంప్యూటర్ల కోసం తయారుచేసి ఉచితంగా ఇస్తున్న ఈ ఫైర్‌వాల్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ నిశ్శబ్దం. ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి అని చాలా దూరం ఆలోచించిన మనిషి చేసిన పని ఇది. ఒక్కో పొర విప్పి చూస్తే ఆ ఆలోచన తెలుస్తుంది.

హైదరాబాద్-విజయవాడ రహదారి మీద, నకిరేకల్ దాటి సూర్యాపేటకు పోయే దారిలో ఉన్న మా కేతేపల్లి లాంటి ఊళ్లలో ఇంటి కంప్యూటర్ అంటే ఎలాంటిదో ముందు చెప్పాలి. పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్, లేదా పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు కొత్తది కొనుక్కొని ఇంటికి పంపిన పాతది. 4 జీబీ ర్యామ్, మెల్లగా తిరిగే హార్డ్ డిస్క్. ఇంటర్నెట్ చాలాసార్లు ఫోన్ హాట్‌స్పాట్ నుంచే వస్తుంది. రోజుకు జీబీన్నరో రెండు జీబీలో దాటితే వేగం పడిపోతుంది. హాల్ టికెట్ తీయడం, దరఖాస్తు నింపడం, భూమి రికార్డు చూడడం, బ్యాంకు పని అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ మీదే. అలాంటి దాని మీద బరువైన సెక్యూరిటీ ప్యాకేజీ వేస్తే, రక్షణ సంగతి తర్వాత, ముందు పనే ఆగిపోతుంది. విసుగుపుట్టి నాలుగు రోజుల్లో దాన్ని తీసేస్తారు. అందుకే ఇలాంటి ఇంట్లో తేలిక అనేది అదనపు సౌకర్యం కాదు, అసలు అర్హత.

ఫైర్‌వాల్ అవసరమా అనే అనుమానానికి చరిత్ర ఎప్పుడో సమాధానం చెప్పింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ లోకమంతా పాకింది. ఎవరూ ఏ ఫైలూ తెరవలేదు, ఏ లింకూ నొక్కలేదు. కంప్యూటర్ ఇంటర్నెట్‌కు తగిలి ఉంటే చాలు, 135వ పోర్టు అనే తలుపు గుండా అది లోపలికి వచ్చేది. విచిత్రం ఏమిటంటే విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఒక ఫైర్‌వాల్ ఉంది. కానీ దాన్ని ఎవరికి వారు ఆన్ చేసుకోవాలి. ఏడాదికి, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ దాన్ని మొదటి నుంచే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 మే 12న వన్నాక్రై అనే మరో వర్మ్ వచ్చింది. ఈసారి 445వ పోర్టు. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దాడిలో చిక్కాయి. పోర్టు తలుపు మూసి ఉండడం ఎంత పెద్ద సంగతో తెలుగు నేల మీదే కనిపించింది.

ఆ గుణపాఠాల తర్వాత విండోస్ సొంత ఫైర్‌వాల్ మంచిగానే తయారైంది. బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని అది ఆపుతుంది. కానీ లోపలి నుంచి బయటికి పోయేవాటిని, ప్రత్యేకంగా చెబితే తప్ప, ఆపదు. ఏ ప్రోగ్రామైనా ఎక్కడికైనా ఏదైనా పంపుకోవచ్చు. హాట్‌స్పాట్ డేటా మధ్యాహ్నానికే అయిపోవడానికి ఒక కారణం ఇక్కడుంది: ఎప్పుడో వేసి మరిచిపోయిన ఆటలు, ఫొటోల ప్రోగ్రాములు, వాటి అప్‌డేటర్లు వెనక నుంచి డేటా లాగుతూ ఉంటాయి. అంతకంటే పెద్ద ప్రమాదం, దొంగచాటుగా దూరిన ప్రోగ్రామ్ ఇంటి సమాచారాన్ని బయటికి చేరవేయడం. టైనీవాల్ పట్టించుకున్నది లోపలి నుంచి బయటికి తెరుచుకునే ఈ రెండో తలుపును.

ఇక్కడ దాని మొదటి గొప్ప పనితనం కనిపిస్తుంది. పాతకాలపు ఫైర్‌వాల్ కంపెనీలు విండోస్ గర్భంలోకి తమ సొంత డ్రైవర్లను దించేవి. వచ్చే పోయే ప్రతిదీ ఆ డ్రైవర్ చేతుల మీదుగా నడవాలి. అందులో చిన్న పొరపాటు ఉన్నా నీలి తెర పడి కంప్యూటర్ మొత్తం ఆగిపోయేది. పాదోష్ ఆ దారి పట్టలేదు. విస్టా కాలం నుంచి విండోస్‌లోనే విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ అనే యంత్రాంగం ఉంది. దానికి నియమాలు అందిస్తే ఆపే పని, వదిలే పని అదే చూసుకుంటుంది. మా దగ్గరి సోలిపేటలో మూసీ ప్రాజెక్టు ఉంది. అక్కడ నీళ్ల అవసరాన్ని బట్టి ఏ గేటు ఎత్తాలో ఏది దించాలో చూసుకునే మనిషి కొత్త ఆనకట్ట కట్టడు కదా, టైనీవాల్ పనీ అంతే: ఆనకట్ట మైక్రోసాఫ్ట్‌ది, గేట్ల లెక్క దీనిది. అందుకే డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు కొద్ది ఎంబీలు మాత్రమే. సొంత డ్రైవర్ లేదు కాబట్టి దానివల్ల వచ్చే చిక్కులూ లేవు.

తేలికకు ఇంకో కారణం ఆ యంత్రాంగం పనిచేసే తీరులోనే ఉంది. ఒక ప్రోగ్రామ్ బయటి సర్వర్‌తో మాట మొదలుపెట్టేటప్పుడే 'ఇది ఏ ప్రోగ్రామ్, ఎక్కడికి, ఏ పోర్టుకు' అని ఆ యంత్రాంగం అనుమతి చూస్తుంది. ఒకసారి అనుమతి దొరికాక, ఆ సంభాషణలో తర్వాత నడిచే వేల ప్యాకెట్లకు, అంటే డేటా ముక్కలకు, మళ్లీ మళ్లీ అదే విచారణ ఉండదు. వీడియో పాఠం గంటసేపు నడిచినా నిర్ణయం మొదట్లోనే జరిగిపోతుంది. పాత ప్రాసెసర్ మీద భారం పడకపోవడంలోని రహస్యం ఇదే. ఉన్నదాన్ని పూర్తిగా అర్థం చేసుకొని, దాని బలాన్ని వాడుకోవడం కూడా పెద్ద విద్యే.

రెండో పనితనం ప్రశ్నల విషయంలో. రెండువేల సంవత్సరం అటూఇటూ పేరు తెచ్చుకున్న జోన్ అలార్మ్ దగ్గర్నుంచి తర్వాత వచ్చిన ఎన్నో ఫైర్‌వాల్‌ల వరకు ఒకే పద్ధతి నడిచింది. ఏ ప్రోగ్రామ్ బయటికి పోబోయినా ఒక పెట్టె వచ్చి 'వదలమంటారా, ఆపమంటారా' అని అడిగేది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ పెట్టెలో ఉండే పేరు 'ఎస్‌వీసీహోస్ట్' లాంటిది. అది విండోస్ సొంత భాగమని ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? దరఖాస్తు గడువు దగ్గరపడి హడావుడిగా నింపుతున్న అమ్మాయి ఆ పెట్టె రాగానే 'వదులు' అనే నొక్కుతుంది. పదిసార్లు అలా నొక్కిన చేయి పదకొండోసారి దొంగ ప్రోగ్రామ్‌కూ నొక్కుతుంది. అడిగి అడిగి, చివరికి అడగడానికే విలువ లేకుండా పోతుంది.

టైనీవాల్ ఈ లెక్కను తిరగేసింది. అనుమతి లేని ప్రోగ్రామ్‌ను అది చప్పుడు చేయకుండా ఆపుతుంది. తెరిచిన ప్రోగ్రామ్‌కు నెట్ అందకపోతే, తెరిచిన మనిషికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. తనకు అది కావాలో వద్దో కూడా తెలుసు. అప్పుడు తనే వచ్చి అనుమతి ఇస్తాడు. తాను తెరవని ప్రోగ్రామ్ ఏదో వెనక నుంచి పోబోయి ఆగిపోతే, ఎవరికీ ఏ లోటూ కనిపించదు, అది ఆగే ఉంటుంది. అంటే మనిషికి తెలిసిన విషయం మీదే మనిషి నిర్ణయం తీసుకుంటాడు. తెలియని విషయం మీద అతని చేత సంతకం పెట్టించే పని ఈ సాఫ్ట్‌వేర్ చేయదు. వాడేవాళ్ల పట్ల ఇంత మర్యాద ఉన్న రూపకల్పన చాలా అరుదు.

అనుమతి ఇచ్చే పద్ధతిలోనూ అదే శ్రద్ధ ఉంది. ఫైలు పేరు, ఫోల్డర్ దారి ఏవీ తెలియనక్కర్లేదు. గుర్తు మీద నొక్కి 'విండో ద్వారా' అన్న మార్గం ఎంచుకొని, పనిచేయని ఆ ప్రోగ్రామ్ కిటికీ మీద ఒక్కసారి క్లిక్ చేస్తే చాలు. కీబోర్డు అలవాటున్నవాళ్లు కంట్రోల్, షిఫ్ట్, డబ్ల్యూ మీటలు కలిపి నొక్కవచ్చు. కిటికీ లేకుండా వెనక నడిచేవాటికి వేరే దారి ఉంది. ఆధార్ వేలిముద్ర పరికరం వెనక నడిచే సర్వీసు అలాంటిదే. దానికి నెట్ అందకపోతే పరికరం పనిచేయదు, కానీ క్లిక్ చేయడానికి దానికి కిటికీ ఉండదు. నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాలోంచి దాన్ని ఎంచుకోవచ్చు. కనెక్షన్ల పట్టిక తెరిస్తే ఇటీవల ఏవేవి ఆగిపోయాయో కూడా కనిపిస్తాయి. అనుమతి శాశ్వతంగానే ఇవ్వాలని లేదు; కొద్ది నిమిషాలకో, కొన్ని గంటలకో, కంప్యూటర్ మళ్లీ స్టార్ట్ చేసేదాకానో ఇవ్వవచ్చు. ఒక్కసారి మాత్రమే వాడే ప్రోగ్రామ్‌కు ఇంతకంటే సరైన ఏర్పాటు ఉండదు.

కాపలా పని చేసే సర్వీసు వేరు, తెర మీద కనిపించే గుర్తు వేరు. గుర్తును మూసేసినా కాపలా ఆగదు. సెట్టింగులకు పాస్‌వర్డ్‌తో తాళం వేసుకోవచ్చు. వెబ్‌సైట్ల చిరునామాలను పక్కదారి పట్టించడానికి దొంగ ప్రోగ్రాములు మార్చే హోస్ట్స్ ఫైలును కూడా అది కాపాడుతుంది. విండోస్ అప్‌డేట్ లాంటి అవసరాలకు ముందే సిద్ధం చేసిన మినహాయింపులు ఉన్నాయి, కాబట్టి రక్షణ పేరుతో అసలు రక్షణనే ఆపుకునే ప్రమాదం తప్పుతుంది. ఇంట్లో వైఫై ప్రింటర్ ఉంటే, ఇంటి నెట్‌వర్క్ వరకు తెరిచే మీట ఒకటి మెనూలోనే ఉంది.

వేసుకునేవాళ్లు ఒక క్రమం పాటిస్తే మంచిది. ముందు విండోస్ అప్‌డేట్లు పూర్తి చేయాలి, వైరస్ స్కాన్ ఒకటి నడపాలి. తర్వాత టైనీవాల్‌ను దాని సొంత సైట్ నుంచే దించుకోవాలి. తెలిసిన ప్రోగ్రాములను వెతికిపట్టే సౌకర్యాన్ని ఒకసారి వాడి, బ్రౌజర్‌కు అనుమతి ఇచ్చి, ఆ మీదట ఏది ఆగితే దాన్ని చూసుకుంటూ పోవాలి. 'ఆటోలెర్న్' అనే పద్ధతి కూడా ఉంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు నడిచిన ప్రతిదాన్నీ మంచిదిగానే నేర్చుకుంటుంది. కంప్యూటర్ శుభ్రంగా ఉందని గట్టి నమ్మకం ఉంటేనే దాన్ని ముట్టుకోవాలి.

ఏ పనిముట్టుకైనా హద్దు ఉంటుంది, దీనికీ ఉంది. ఇది వైరస్‌ను వెతకదు. బ్రౌజర్‌కు అనుమతి ఇచ్చాక, ఆ బ్రౌజర్‌లో దొంగ బ్యాంకు పేజీ తెరిచి ఓటీపీ ఇస్తే ఏ ఫైర్‌వాలూ అడ్డం రాదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయడమే దారి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్తగా బయటపడే లోపాలకు అతుకులు పడని కంప్యూటర్‌ను ఫైర్‌వాల్ ఒక్కటే ఎంతోకాలం కాపాడలేదు.

ఇదే దారిలో నడిచే మంచి పనిముట్లు ఇంకా ఉన్నాయి. సింపుల్‌వాల్ కూడా ఇదే విండోస్ యంత్రాంగం మీద నిలబడ్డ చిన్న ప్రోగ్రామ్. ప్రతి నియమాన్నీ తన చేత్తో రాసుకోవాలనుకునేవాళ్లకు బాగుంటుంది. బినీసాఫ్ట్ వారి విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్‌ను 2018లో మాల్‌వేర్‌బైట్స్ కొన్నది. అది విండోస్ సొంత ఫైర్‌వాల్‌కే సులువైన పగ్గం. విండోస్‌కు బదులు ఉబుంటు వాడే విద్యార్థులకు 2008 నుంచి యూఎఫ్‌డబ్ల్యూ ఉంది. ఒక్క ఆదేశంతో పిలవకుండా లోపలికి వచ్చేవన్నీ ఆగిపోతాయి. అనుమతించినదే నడవాలనే సూత్రం మన దేశంలోనూ వేరే రూపంలో వచ్చింది. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రంతో పాటు, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి యాప్‌సంవిద్ విడుదలైంది. నెట్ సంగతి పక్కన పెట్టి, అనుమతి లేని ప్రోగ్రామ్‌ను అసలు నడవనివ్వకపోవడం దాని పని.

వీటన్నిటిలో మా ఊళ్లలాంటి ఇళ్లకు నేను ముందు చెప్పే పేరు టైనీవాలే. కంప్యూటర్ గురించి ఎక్కువ తెలియనివాళ్లు కూడా తమ ఇంటి డేటా మీద, తమ సమాచారం మీద తామే అధికారులుగా ఉండేలా అది పనిచేస్తుంది. పోర్టులు, ప్యాకెట్లు తెలియకపోయినా ఫరవాలేదు. ఇంట్లో ఏ పని జరగాలో తెలిసి ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ తెలివిని చూపించడానికి తెర నిండా మీటలు పెడతారు. పాదోష్ తన తెలివినంతా ఆ మీటలు అక్కర్లేకుండా చేయడంలో పెట్టాడు. ఇంటి కంప్యూటర్‌కు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా చూడవలసిన కొలత ఇదే: అది మన యంత్రం నుంచి ఎంత తీసుకుంటున్నది, నిర్ణయాన్ని ఎంతవరకు మన చేతిలో వదులుతున్నది. ఆ రెండు లెక్కల్లోనూ ఈ చిన్న ఫైర్‌వాల్ పెద్దపెద్ద ప్యాకేజీల కంటే ముందు నిలబడుతుంది.