నానోకణంలో పాము విషం: ‘తగ్గించింది’, ‘తగ్గిస్తుంది’

పాము విషం నుంచి క్యాన్సర్ మందు అనగానే తెలుగు వైజ్ఞానిక రచనకు ‘విషస్య విషమౌషధమ్’ అన్న నానుడి సిద్ధంగా ఉంటుంది. ఈ సామ్యం వినసొంపైనదే కాని, శాస్త్ర విషయాన్ని తలకిందులు చేస్తుంది. అమెరికాలోని కాపర్‌హెడ్ పాము విషం నుంచి వేరుచేసిన కాంటార్ట్రోస్టాటిన్ అనే ప్రోటీన్ ఇందుకు నిదర్శనం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ మార్క్‌లాండ్ బృందం దీనిపై పరిశోధించింది.

ఈ ప్రోటీన్ ప్రధానంగా చేసే పని కణాన్ని చంపడం కాదు. కణాలు తమ పరిసరాలను పట్టుకొని ఉండటానికి తోడ్పడే ఇంటెగ్రిన్‌లకు ఇది అతుక్కుంటుంది. దాంతో క్యాన్సర్ కణానికి పట్టు సడలుతుంది, కదలిక మందగిస్తుంది. కణితికి కొత్త రక్తనాళాలు ఏర్పడటమూ తగ్గుతుంది. కనుక ‘సంహరించు’, ‘మట్టుపెట్టు’ వంటి యుద్ధ క్రియలు ఇక్కడ పొసగవు. ‘పట్టు విడిపించు’ అనే ఇంటి మాట ఎంతో కచ్చితమైనది.

నానోకణాన్ని ‘వాహనం’ అనడమూ అసమగ్రమే. ఈ ప్రోటీన్‌ను నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే ప్లేట్‌లెట్ల ఇంటెగ్రిన్‌లకు కూడా అతుక్కుంటుంది. అందుకే పరిశోధకులు దాన్ని లైపోసోమ్ అనే సూక్ష్మమైన కొవ్వు గోళంలో ఉంచారు. 2004లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, అలా ఉంచిన ప్రోటీన్ ప్లేట్‌లెట్లతో చర్య జరపలేదు. రక్తంలో ఎక్కువసేపు నిలిచింది. ఎలుకలలో కణితి పెరుగుదలను తగ్గించింది. మోసుకెళ్లడంతో పాటు దాచి ఉంచడం కూడా గోళం పనే కాబట్టి దానికి ‘ఒర’ అన్న పోలిక మేలు.

పై వాక్యంలోని ‘ఎలుకలలో’ అన్న విభక్తి రూపం జారిపోతే అర్థమే మారుతుంది. ‘తగ్గించింది’ కాస్తా ‘తగ్గిస్తుంది’ అయితే ప్రమాదం రెట్టింపు. తెలుగులో ఈ రూపం నిత్య సత్యాన్నీ, భవిష్యత్తునూ కూడా చెబుతుంది. ఆసుపత్రి వరండాలో ఆ వాక్యం చదివే రోగి బంధువుకు అది ఎలుకపై జరిగిన ఒక ప్రయోగంగా కాక, ఎక్కడో దొరికే మందుగా వినిపిస్తుంది. చేస్తున్న చికిత్సను మానిపించేంత బలం ఆ ఒక్క క్రియారూపానికి ఉంది. బ్రెజిల్ జరారాకా పాము విషంలోని పెప్టైడ్‌ల ఆధారంగా రూపొంది, 1981లో అమెరికాలో అనుమతి పొందిన క్యాప్టోప్రిల్ విషయంలో మాత్రం ‘రక్తపోటును తగ్గిస్తుంది’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. ఆ మాత్రలో విషం బొట్టైనా ఉండదన్నది వేరే సంగతి.

నామవాచకాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఎలుకలలో ప్రవేశపెట్టిన ఎం.డి.ఎ.-ఎం.బి.-435 కణాలను అప్పట్లో రొమ్ము క్యాన్సర్ కణాలుగా పరిగణించారు. అవి మెలనోమాకు చెందినవని తర్వాతి జన్యు పరీక్షలు సూచించాయి. కాబట్టి ఆ ప్రయోగాన్ని నేడు తెలుగులో పరిచయం చేసేవారు ‘రొమ్ము క్యాన్సర్’ అన్న మాట పక్కన ఈ వివరణనూ చేర్చవలసి ఉంటుంది.