అష్టక నియమం: విలువ ఎంత, పరిమితి ఎంత?

1. ప్రవేశిక

పరమాణువులో ఎలక్ట్రాన్‌లు ఏ కర్పరాలలో, ఏ క్రమంలో అమరి ఉంటాయో మీరు ముందు భాగాలలో చదివారు. ఆ అమరికకూ రసాయన బంధానికీ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి పాఠ్యపుస్తకాలన్నీ ఒకే వాక్యాన్ని వాడతాయి: ‘బాహ్య కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్‌లు పొంది స్థిరత్వం సాధించడానికి పరమాణువులు బంధాలు ఏర్పరుస్తాయి.’ ఈ వాక్యం రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి. నేను కూడా చాలా ఏళ్లపాటు తరగతిలో ఇదే చెప్పాను. కానీ దీనిని కారణంగా నమ్మిన విద్యార్థికి తర్వాత వచ్చే జాలక శక్తి, సంక్లిష్ట సమ్మేళనాలు, జడవాయు సమ్మేళనాలు మింగుడు పడవు. అందువల్ల ఈ నియమం ఎంతవరకు నిజమో ఇక్కడ పరిశీలిద్దాం.

2. నియమం ఎలా వచ్చింది?

1916లో జర్మనీలో కోసెల్, అమెరికాలో లూయిస్ విడివిడిగా బంధ సిద్ధాంతాలను ప్రతిపాదించారు. కోసెల్ ప్రధానంగా ఎలక్ట్రాన్ బదిలీని, అంటే అయానిక బంధాన్ని వివరించాడు. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకోగలవని లూయిస్ చెప్పాడు. 1919లో లాంగ్‌మ్యూర్ ఈ భావాలను విస్తరించి, ఎనిమిది సంఖ్యకు పెద్ద పీట వేశాడు. సమయోజనీయత అనే మాటను ప్రవేశపెట్టింది కూడా ఆయనే. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. లూయిస్ దృష్టిలో ఎనిమిది కంటే ‘రెండు’ ముఖ్యమైనది. ఎలక్ట్రాన్‌లు జంటలుగా ఉండటమే బంధానికి మూలమని ఆయన భావించాడు. మన పుస్తకాలు మాత్రం ఎనిమిదిని సూత్రంగా నిలిపి, జంటను వెనక్కు నెట్టాయి.

3. సోడియం ఎలక్ట్రాన్‌ను ‘ఇచ్చివేస్తుందా?’

సోడియం ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 1. ‘అష్టకం కోసం సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది, క్లోరిన్ దానిని తీసుకుంటుంది’ అంటాం. లెక్క వేసి చూద్దాం. వాయు స్థితిలోని ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి సుమారు 496 కిలోజౌల్‌ల శక్తి ఖర్చు చేయాలి. ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ గ్రహించినప్పుడు విడుదలయ్యేది సుమారు 349 కిలోజౌల్‌లు మాత్రమే. అంటే రెండింటికీ అష్టకం వచ్చింది, అయినా 147 కిలోజౌల్‌ల నష్టం మిగిలింది!

మరి ఉప్పు ఎలా ఏర్పడుతుంది? వ్యతిరేక ఆవేశాలు గల అయాన్‌లు దగ్గరకు వచ్చి స్ఫటిక జాలకంగా అమరినప్పుడు సుమారు 787 కిలోజౌల్‌లు విడుదలవుతాయి. ఘన సోడియంను పరమాణువులుగా మార్చడానికి 108, క్లోరిన్ అణువులను విడగొట్టడానికి 121 కిలోజౌల్‌ల ఖర్చు కలుపుకున్నా, చివరికి 411 కిలోజౌల్‌ల లాభం కనిపిస్తుంది. బంధానికి కారణం అయాన్‌ల మధ్య ఆకర్షణే కాని అష్టకంపై కోరిక కాదు.

మెగ్నీషియం ఆక్సైడ్‌లో ఇది ఇంకా స్పష్టం. ఆక్సిజన్ పరమాణువు మొదటి ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు శక్తి విడుదలవుతుంది. రెండవ ఎలక్ట్రాన్‌ను చేర్చడానికి మాత్రం మోల్‌కు 700 కిలోజౌల్‌లకు పైగా మనమే ఇవ్వాలి. అష్టకం పూర్తి చేసేది ఆ రెండవ ఎలక్ట్రానే! ఆ ఖర్చును భరించేది కూడా జాలక శక్తే.

4. నియమంలో ఉన్న నిజం

అయితే ఎనిమిది సంఖ్య వట్టిదేనా? కాదు. సోడియం నుంచి రెండవ ఎలక్ట్రాన్‌ను తీయాలంటే సుమారు 4562 కిలోజౌల్‌లు కావాలి. అది లోపలి కర్పరానికి చెందినది, కేంద్రకానికి దగ్గరగా గట్టిగా బంధించబడి ఉంటుంది. అంత ఖర్చును ఏ జాలకమూ తిరిగి ఇవ్వలేదు. అలాగే క్లోరైడ్ అయాన్‌కు ఇంకొక ఎలక్ట్రాన్‌ను చేర్చితే అది పై కర్పరంలోకి పోవాలి. అక్కడ కేంద్రకం పట్టు బలహీనం, ఉన్న ఎలక్ట్రాన్‌ల వికర్షణ ఎక్కువ. కాబట్టి అష్టకం అనేది పరమాణువు చేరాలనుకునే గమ్యం కాదు. ఎలక్ట్రాన్‌లు పోవడం, రావడం లాభసాటిగా ఉండటం ఆగిపోయే హద్దు. రెండవ ఆవర్తనంలోని కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లకు వేలన్సీ కర్పరంలో ఒక ఎస్, మూడు పి కలిపి నాలుగు ఆర్బిటాళ్లే ఉంటాయి. పౌలీ నియమం ప్రకారం ఒక్కొక్క దానిలో రెండు ఎలక్ట్రాన్‌లే పడతాయి. ఎనిమిది వచ్చింది అక్కడి నుంచే. కర్బన రసాయన శాస్త్రంలో ఈ నియమం అంత చక్కగా పనిచేయడానికి కారణమూ అదే.

5. నియమం తప్పే చోట్లు

బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్‌లే గీస్తాం. అది అమ్మోనియా నుంచి ఒక జంటను స్వీకరించగలగడానికి ఈ కొరతే ఆధారం. నైట్రిక్ ఆక్సైడ్‌లో వేలన్సీ ఎలక్ట్రాన్‌లు 11. బేసి సంఖ్య కాబట్టి రెండు పరమాణువులకూ అష్టకం సాధ్యం కాదు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ ఆరు ఫ్లోరిన్‌లతో బంధంలో ఉంటుంది. ‘సల్ఫర్ డి ఆర్బిటాళ్లను వాడుకుంటుంది’ అనే పాత వివరణను ఇప్పుడు యథాతథంగా అంగీకరించడం లేదు. వాటి పాత్ర స్వల్పమని ఆధునిక గణనలు చూపుతున్నాయి. సల్ఫర్ పెద్ద పరమాణువు కావడం, బంధాలు బాగా ధ్రువీయంగా ఉండటం ఇక్కడ ముఖ్యం.

ఆక్సిజన్ అణువు ఉదాహరణ మరీ విలువైనది. ద్విబంధంతో చుక్కల చిత్రం గీస్తే రెండు పరమాణువులకూ చక్కగా అష్టకం వస్తుంది, ఎలక్ట్రాన్‌లన్నీ జతకూడతాయి. కానీ ద్రవ ఆక్సిజన్ అయస్కాంత ధ్రువాల మధ్య నిలిచిపోతుంది. అంటే అందులో జతకూడని ఎలక్ట్రాన్‌లున్నాయి. నియమం తప్పలేదు, చిత్రం తప్పింది. దీనిని వివరించడానికి అణు ఆర్బిటాల్ సిద్ధాంతం కావలసి వచ్చింది.

ఇక జడవాయువులు. నియాన్, జీనాన్ రెండింటికీ బాహ్య కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్‌లే. కానీ అయనీకరణ శక్తి నియాన్‌కు 2081, జీనాన్‌కు 1170 కిలోజౌల్‌లు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగగలదని గమనించిన బార్ట్‌లెట్, జీనాన్ అయనీకరణ శక్తి కూడా దాదాపు అంతేనని గుర్తించి 1962లో జీనాన్ సమ్మేళనాన్ని తయారు చేశాడు. ‘అష్టకం ఉంది కాబట్టి చర్య జరగదు’ అనే నమ్మకం అంతవరకు చాలామందిని ఆ ప్రయోగం జోలికి పోనివ్వలేదు. అంకెలను చూసినవాడు ముందుకు నడిచాడు.

6. సారాంశం

అష్టక నియమాన్ని వదిలేయమని కాదు. చుక్కల నిర్మాణాలు గీయడానికి, వేలన్సీని ఊహించడానికి దానిని నిస్సంకోచంగా వాడండి. కాని ‘ఎందుకు?’ అని ప్రశ్న వచ్చినప్పుడు శక్తి మార్పులను చెప్పండి. పరమాణువుకు కోరికలు లేవు. కేంద్రకాల ఆకర్షణ, ఎలక్ట్రాన్‌ల వికర్షణ, ఆర్బిటాళ్ల పరిమితి ఉన్నాయి. వాటి మొత్తం ఫలితంగా వ్యవస్థ శక్తి తగ్గితే బంధం ఏర్పడుతుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. సోడియం, క్లోరిన్ పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ బదిలీకి మాత్రమే అయ్యే నికర శక్తి ఎంత? ఉప్పు స్థిరత్వానికి అసలు కారణం ఏమిటి?

2. అష్టకం పూర్తిగా ఉన్నా ఆక్సిజన్ చుక్కల నిర్మాణం ఎందుకు సరిపోదు?

3. ‘అష్టకం గమ్యం కాదు, హద్దు’ అనే వాక్యాన్ని మెగ్నీషియం ఉదాహరణతో వివరించండి. దాని మొదటి మూడు అయనీకరణ శక్తులు వరుసగా 738, 1451, 7733 కిలోజౌల్‌లు.